మూసుకోని చేతులు

గుప్పిట మూసుకుంటే పని, మూసుకోకపోతే ఇల్లు. తెల్లరాయి మిల్లు గేటు దగ్గర ఇంతకు మించిన చట్టం లేదు. పొద్దున్నే సైరన్ మోగకముందే ఆడవాళ్ళు ఒక వరుస, మగవాళ్ళు ఒక వరుస కట్టాలి. కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు కుర్చీలోంచి లేవకుండానే "గుప్పిట" అంటాడు. వంతు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి చాపి, వేళ్ళు మూసి, తెరిచి చూపించాలి. అందుకే ఆయనకు గుప్పిట సారు అని పేరు పడింది. ఆయన సొంత గుప్పిట ఎప్పుడూ టీ గ్లాసు చుట్టూ ఉంటుంది కాబట్టి, దాన్ని పరీక్షించే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ కుర్చీ పక్కన నిలబడేది పెద్దక్క. ఏరుడు బెల్టుకు ఆమే మేస్త్రి. క్రషర్‌లో పగిలిన రాయి ఆ బెల్టు మీద ఆగకుండా పోతూ ఉంటుంది. అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి, తెల్లరాళ్ళలోంచి నల్లమచ్చ ఉన్నవి ఏరి పక్కన పారేయాలి. ఏరడం, పారేయడం, ఏరడం, పారేయడం. చెప్పుకోడానికి ఇది పనిలాగా కూడా ఉండదు. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు "కూర్చుని చేసుకునే పనేగా" అని వెళ్ళిపోతారు. కూర్చోడానికి అక్కడ ఏమీ లేదన్నది వేరే సంగతి. కొంతకాలానికి వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి. తర్వాత అరచేయి వాస్తుంది. ఆ తర్వాత వేళ్ళు కొక్కేల్లా సగం వంగి అక్కడే ఆగిపోతాయి, మూసుకోవు, పూర్తిగా తెరుచుకోవు.

ఎవరి చెయ్యి అలా తయారవుతోందో బెల్టు దగ్గరే పసిగట్టి సారు చెవిన వెయ్యడం పెద్దక్క పని. ఒకరి చేతిలోంచి రాయి రెండుసార్లు జారిందంటే, మర్నాడు గేటు దగ్గర ఆమెను కాస్త గట్టిగా చూడమని చెప్పాలి. అందుకు బదులుగా పెద్దక్కను ఎవరూ గుప్పిట అడగరు. ఆమె కుడి చెయ్యి ఎప్పుడూ, బెల్టు ఆడవాళ్ళందరూ చీర మీద తొడుక్కునే మగవాళ్ళ చొక్కా జేబులోనే ఉంటుంది. మేస్త్రి కదా, దర్పం అనుకునేవారు అందరూ.

ఆ రోజు వరుసలో పెద్దక్క ఆడపడుచు వంతు వచ్చింది.

"గుప్పిట."

ఆడపడుచు చెయ్యి చాపింది. మూడు వేళ్ళు వంగాయి. చివరి రెండూ వంగలేదు.

"ఇంకా," అన్నాడు సారు.

"పొద్దున్నే కద సార్. కాసేపుంటే సర్దుకుంటుంది."

"కాసేపుంటే నాకు పెన్షన్ కూడా వస్తుంది. ముయ్యి."

ఆమె ప్రయత్నించింది. వేళ్ళు కదల్లేదు. సారు టీ తాగి పెద్దక్క వైపు తిరిగాడు. "నీ ఆడపడుచే కదా. నువ్వే మూయించు. పరాయి ఆడమనిషి చెయ్యి నేను పట్టుకుంటే బాగోదు," అన్నాడు. ఆయనకు మర్యాద ఎక్కువ.

పెద్దక్క తన ఎడం చేత్తో ఆడపడుచు వేళ్ళు పట్టుకుని నొక్కింది. మెల్లగా నొక్కి ఊరుకుందామనుకుంది. సారు చూస్తున్నాడని గట్టిగా నొక్కింది. వేలి మొదట్లో ఏదో టిక్కుమంది. ఆడపడుచు అరవలేదు. "వదినా" అంది, అంతే, పక్కనున్న మనిషికి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా.

"మూసుకోవట్లేదు సార్," అంది పెద్దక్క.

"బాగయ్యాక రమ్మను. ఇళ్ళల్లో బట్టలుతికి చేతులు పాడుచేసుకోవడం, ఇక్కడికొచ్చి మా నెత్తిన రుద్దడం. తర్వాత ఎవరు?"

బాగయ్యాక వచ్చినవాళ్ళు ఆ మిల్లులో ఇంతవరకూ లేరు. ఆ సంగతి వరుసలో ఉన్న అందరికీ తెలుసు. అయినా ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఉన్నమాట చెప్పాలంటే చాలామందికి లోపల ఊరట కూడా కలిగింది, ఈ పూటకు ఈ పీడ మనది కాదని. అలాంటి ఊరట కలిగినందుకు తర్వాత సిగ్గుపడ్డారు. సిగ్గుపడుతూనే గేటు లోపలికి వెళ్ళారు.

సాయంత్రం పెద్దక్క ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక వీధి మొదట్లో కాసేపు నిలబడింది. మొగుడు లారీ మీద వెళ్ళాడు, వారానికి గాని రాడు. ఇంట్లో ఉండేది వదినా ఆడపడుచులిద్దరే. లోపలికి వెళ్ళేసరికి ఆడపడుచు నూనె సీసా రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడం చేత్తో మూత తిప్పుతోంది. అది తిరగట్లేదు. పెద్దక్క వెళ్ళి ఎదురుగా కూర్చుని సీసాను గట్టిగా అదిమి పట్టింది. ఇద్దరికీ కలిపి ఒక చెయ్యి అయింది. మూత ఊడింది.

అసలు సంగతి ఇక్కడ ఉంది. పెద్దక్క కుడి చెయ్యి ఆడపడుచు చెయ్యి కంటే ముందే పోయింది. ఆ చొక్కా బొత్తాలు పొద్దున్నే పెట్టేది, జుట్టు ముడివేసేది ఆడపడుచే. ఆ చెయ్యి జేబులో ఎందుకుంటుందో ఈ లోకంలో తెలిసింది ఆమె ఒక్కదానికే.

"గేటు దగ్గర నా సంగతి బైటపెట్టి ఉండొచ్చు కదే," అంది పెద్దక్క.

"పెడితే ఇద్దరం ఇంట్లో కూర్చునేవాళ్ళం. అప్పుడు పొయ్యి మీదకి ఏం ఎక్కిస్తాం, నీ సిగ్గా?"

"నిన్ను అంత గట్టిగా నొక్కాల్సింది కాదు."

"నొక్కావుగా." ఆడపడుచు వదిన కంచంలో పచ్చడన్నం మీద నూనె పోసి సీసా పక్కన పెట్టింది. "తిను వదినా. నా వేళ్ళు ఎలాగూ పోయాయి. కనీసం నీ ఐదు వేళ్ళూ నోట్లోకి పోనీ."

తిట్టినా బాగుండేది. పెద్దక్కకు తల కొట్టేసినట్టయింది. పెట్టింది తింది గాని ఏం తిన్నదో ఆమెకు తెలియలేదు.

మిల్లుకు సెలవు రోజున టీకొట్టు వెనక రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. పట్నం నుంచి యూనియనాయన వచ్చాడు, వెంట ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు. గేటు నుంచి వెనక్కి పంపిన ఆడవాళ్ళు ముందు కూర్చున్నారు. క్రషర్ నోటి దగ్గర పెద్ద రాళ్ళను డ్రిల్లుతో పగలగొట్టే మగవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు గోడవారన నిలబడ్డారు. ఆడపడుచు ముందు వరుసలో ఉంది. పెద్దక్క అన్నిటికంటే వెనక, తలుపు పక్కన, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడింది.

యూనియనాయన మంచి మాటలే చెప్పాడు. పనిలో పోయిన చేతికి వైద్యం చేయించాల్సింది పని చేయించుకున్నవాడే అన్నాడు. బెల్టు వేగం తగ్గించాలి, ఒకే మనిషిని ఒకే పనిలో నలిపేయకుండా పనులు మార్చాలి, మధ్యలో చేతులకు విరామం ఇవ్వాలి, పంపేసినవాళ్ళని వెనక్కి తీసుకోవాలి, గుప్పిట పరీక్ష ఎత్తేయాలి అన్నాడు. అందరూ తలలాడించారు.

అప్పుడు గోడ దగ్గర నుంచి మూటల తమ్ముడు లేచాడు. బస్తాలెత్తే కుర్రాళ్ళలో వాడే బలమైనవాడు. "నాదో మాట. మా చేతులు బానే ఉన్నాయి. మీ చేతులకి వచ్చిన రోగానికి మేమెందుకు పస్తులుండాలి?"

డ్రిల్లు బాబాయి అక్కడే ఉన్నాడు. చలిగా ఉన్నా లేకపోయినా ఆయన వేళ్ళు సున్నం రాసినట్టు తెల్లగా ఉంటాయి. డ్రిల్లు అదురు లోపలికి దిగి, రక్తం ఆ కొసలకు వెళ్ళడం మానేసింది. "రోగం కాదురా అబ్బాయ్. నా చెయ్యి కూడా నీ చెయ్యిలాగే వచ్చింది ఈ మిల్లుకి," అన్నాడు ఆయన.

"నువ్వు ముసలాడివి బాబాయ్."

"నీకంటే పదేళ్ళు పెద్ద. మీ అన్న ఈడు."

తమ్ముడు కూర్చున్నాడు. వాడికి బాబాయి వయసు ఎప్పుడూ తట్టలేదు. ఆ మిల్లులో చాలామంది వయసు అలాగే తప్పుగా కనపడుతుంది.

మీటింగు ముగిస్తూ యూనియనాయన పిడికిలి బిగించి పైకెత్తాడు. కాలేజీ పిల్లలూ ఎత్తారు. "అందరూ పిడికిళ్ళెత్తండి. గట్టిగా," అన్నాడు. షెడ్డులో ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన మళ్ళీ అన్నాడు. ఈసారీ లేవలేదు. ఆయనకు కోపం వచ్చింది. "ఇంత చెప్పాక కూడా భయమేనా? మీకు సిగ్గనిపించట్లేదా?"

"అనిపిస్తోంది. అందుకే ఎత్తట్లేదు," అంది ఆడపడుచు. కూర్చున్నచోటే చెయ్యి పైకెత్తింది. రెండు వేళ్ళు నిలబడి, మూడు వంగి ఉన్నాయి. "మాకొచ్చే పిడికిలి ఇదే అయ్యా. సరిపోతుందా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. యూనియనాయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడు ముందు వరుసలో ఇంకో చెయ్యి లేచింది, పక్కన ఇంకోటి. వంకర చేతులు, వాచిన చేతులు, బాబాయి తెల్ల చెయ్యి. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు అప్పుడే చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ప్రతివాళ్ళూ తన ఒక్క చెయ్యే పాడైందనుకుని దాచుకున్నారు, దొంగసొత్తు దాచుకున్నట్టు.

చాలామంది వెనక్కి తిరిగి పెద్దక్కను చూశారు. తమను బైటికి పంపించిన మనిషి ఏం చేస్తుందోనని చూశారు. చూడనిది ఆడపడుచు ఒక్కతే. పెద్దక్క జేబులోంచి చెయ్యి తియ్యలేకపోయింది. తేలు కుట్టిన దొంగలా తలుపులోంచి జారుకుంది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. తిట్టుకోవడం తేలిక, దానికి చెయ్యి అక్కర్లేదు.

మర్నాడు పొద్దున ఆడపడుచు ఎప్పట్లాగే బొత్తాలు పెట్టింది. వేళ్ళు పట్టక చాలాసేపు పట్టింది. ఆఖరి బొత్తాం పెడుతూ, "ఇవాళ ఎవర్ని పంపిస్తావ్ వదినా?" అని అడిగింది. వెటకారంగా అడగలేదు. కూరలు ఏం తెమ్మంటావు అన్నట్టు అడిగింది. పెద్దక్క చెయ్యి జేబులో పెట్టుకుని బైటికి నడిచింది.

టీకొట్టు దగ్గర ఎప్పట్లాగే వేణ్ణీళ్ళ బేసిను పెట్టి ఉంది. ఇది పెద్దక్క నేర్పిన ఉపాయమే. గేటుకు వెళ్ళేముందు గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి కాసేపు ముంచితే వేళ్ళు కాస్త వదులై, గుప్పిట ఆ ఒక్క క్షణానికి మూసుకుంటుంది. టీకొట్టామె జాలిపడి రోజూ నీళ్ళు కాచి పెట్టేది. పాత ఆడవాళ్ళు ముందు మోచేతితో వేడి చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టేవారు. చేతికి వేడి తెలియదు కాబట్టి మోచేతిని అడగాలి. అది అనుభవం మీద ఎవరికి వాళ్ళకి తెలిసిందే గాని ఒకరు చెప్పింది కాదు. పెద్దక్క ఉపాయం నేర్పింది, ఈ జాగ్రత్త నేర్పలేదు.

ఆ రోజు నీళ్ళు పొయ్యి మీంచి దించి అప్పుడే బేసిన్లో పోశారు, చన్నీళ్ళు ఇంకా కలపలేదు. అందరూ కొత్తకోడలు అని పిలిచే పిల్ల, పెళ్ళయి అత్తవారింటికి వస్తూనే బెల్టు మీదికి వచ్చిన పిల్ల, గేటు తెరుస్తున్నారని ఆదరాబాదరాగా వచ్చి మణికట్టు దాకా చెయ్యి ముంచేసింది. ముంచి పక్కనున్నావిడతో మాట్లాడుతూ నిలబడింది. మొహంలో ఏ మార్పూ లేదు. చెయ్యి తీసి చొక్కాకు తుడుచుకుని పరిగెత్తుకెళ్ళి వరుసలో నిలబడింది.

"గుప్పిట," అన్నాడు సారు.

కొత్తకోడలి గుప్పిట చక్కగా మూసుకుంది. "చూశారా," అన్నాడు సారు, వెనకున్నవాళ్ళకు వినపడేలా. "ఇదీ పని చేసుకునేవాళ్ళ చెయ్యంటే."

ఆ పిల్ల గుప్పిట తెరిచింది. అరచేతి తోలు వేళ్ళకు అంటుకుని లేచి వచ్చింది. చెయ్యంతా ఎర్రగా ఉబ్బి ఉంది. పెద్దక్క చూసింది. ఆ పిల్ల కూడా, అది ఎవరి చెయ్యో అన్నట్టు కిందికి చూసుకుంది. "అక్కా, నాకేం తెలీట్లేదక్కా. ఏమైందక్కా దీనికి?" అంది.

మీటింగులో అనుకున్నట్టు గేటు ఎదురుగా వచ్చి నిలబడ్డ, వెనక్కి పంపేసిన ఆడవాళ్ళలోంచి ఆడపడుచు పరిగెత్తుకొచ్చి, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని టీకొట్టు ముందున్న చన్నీళ్ళ కుండ దగ్గరికి లాక్కుపోయింది. పెద్దక్క కుర్చీ పక్కనే ఉండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలినట్టు కూడా తెలియని చెయ్యి తయారైంది, అందులో తన వాటా ఉంది. ఆ పిల్ల చెయ్యి మొన్న బెల్టు మీద రాళ్ళు జారవిడిచింది. తను చూసింది. వేణ్ణీళ్ళ సంగతి చెవిలో చెప్పి పంపింది. మంచి చేశాననుకుంది.

"కానివ్వండి, తర్వాత ఎవరు?" అన్నాడు సారు.

పెద్దక్క కుర్చీ పక్క నుంచి కదిలి వచ్చి వరుసకు ముందు నిలబడింది. జేబులోంచి కుడి చెయ్యి తీసింది. బైటికి తీసి చాలాకాలమైంది కాబట్టి అది మిగతా ఒంటికంటే పాలిపోయి ఉంది. నాలుగు వేళ్ళు సగంలో వంగి ఆగిపోయాయి. బొటనవేలు అరచేతికి అంటుకుంది.

"నా గుప్పిట చూడలేదు మీరెప్పుడూ," అంది.

"నీదెందుకు పెద్దక్కా. నువ్వు మన మనిషివి."

"ఇది చాలాకాలం నుంచి ఇంతే సార్. ఇది దాచుకోడానికి రెండో చేత్తో మా ఆడపడుచు వేళ్ళు విరిచాను. ఆ పిల్లకి వేణ్ణీళ్ళు నేర్పాను." "నాకు సిగ్గుగా ఉంది. మీకు కూడా ఉంటే బాగుండును."

సారు గ్లాసు కింద పెట్టాడు. "అయితే నువ్వు కూడా ఇంటికే. బెల్టుకు ఇంకో మేస్త్రి దొరక్కపోదు. తర్వాత ఎవరు, రండి. గుప్పిట."

తర్వాతి ఆడమనిషి చెయ్యి చాపింది. మంచి చెయ్యి, పనిలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. వేళ్ళన్నీ తెరిచి అలాగే ఉంచింది. "మూసుకోదు సార్," అంది.

"మొన్న మూసుకుంది కదా."

"మొన్న మూసుకుంది."

ఆమె వెనకావిడ చాపింది. "మూసుకోదు సార్." ఆ వెనకావిడ కూడా అదే మాట. సారు లేచి మగవాళ్ళ వరుస వైపు వెళ్ళాడు. డ్రిల్లు బాబాయి తెల్లటి వేళ్ళు గాలికి ఆరేసినట్టు తెరిచి పెట్టాడు. సారు ఆయన్ని దాటి మూటల తమ్ముడి దగ్గర ఆగాడు. "నువ్వు చూపించు. సిమెంటు దిమ్మలాంటి గుప్పిట నీది. చూపించి లోపలికి పో, నిన్నే బెల్టు మేస్త్రిని చేస్తా."

తమ్ముడు బాబాయి చెయ్యి చూశాడు. కుండ దగ్గర కూర్చున్న కొత్తకోడలి చెయ్యి చూశాడు. మీటింగులో తను అన్న మాట గుర్తొచ్చి వాడి మొహం ఎర్రబడింది. చెయ్యి చాపి ఐదు వేళ్ళూ వీలైనంత వెడల్పుగా తెరిచాడు. "నాక్కూడా రావట్లేదు సార్. ఇంట్లో బట్టలుతికానేమో."

వరుసంతా నవ్వింది. ఆ గేటు దగ్గర మనుషులు నవ్వడం అదే మొదలు. సైరన్ మోగింది. లోపల బెల్టు కదిలిన చప్పుడు వినిపించింది. ఏరే చెయ్యి లేక నల్లరాయీ తెల్లరాయీ కలిసి పోతూ ఉంది. కాసేపటికి ఎవరో దాన్ని ఆపేశారు. మిల్లు నిశ్శబ్దమైతే ఎలా ఉంటుందో వాళ్ళెవరూ అంతకుముందు పగటిపూట వినలేదు.

ఎండెక్కేసరికి కాంట్రాక్టరు కారు వచ్చింది, వెనకే పోలీసు జీపు వచ్చింది. కాంట్రాక్టరు ముసలాయన, మెత్తగా మాట్లాడతాడు. తిన్నగా పెద్దక్క దగ్గరికి వచ్చాడు. "నువ్వు తెలివైనదానివమ్మా. గొడవెందుకు? నిజంగా చేతులు బాగాలేనివాళ్ళు ఎవరో నీకు తెలుసు. వాళ్ళని పక్కకి తియ్యి. వాళ్ళకి వైద్యం చేయిస్తాను, నీకు కూడా. బాగున్నవాళ్ళు లోపలికి వెళ్తారు. నీ పని నీకే ఉంటుంది."

పెద్దక్కకు నిజంగానే తెలుసు. ఎవరిది ఎంతవరకు పాడైందో, ఎవరు రేపు పోతారో, ఎవరు ఏడాది ఆగుతారో ఒక్కసారి చూసి చెప్పగలదు. ఆమెకు చేతనైన విద్య అదొక్కటే. ఆమె అందరి చేతుల వైపు చూసింది. ఆడపడుచు చెయ్యి దగ్గర కళ్ళు ఆగాయి.

"నాకు తెలీదయ్యా. అన్నీ ఒకలాగే కనపడుతున్నాయి," అంది.

"ఎందుకు తెలీదు? నువ్వు చేసేదే ఆ పని."

"ఏరడం మానేశాను."

కాంట్రాక్టరు పోలీసుల వైపు తిరిగి తలాడించాడు. జనాన్ని రెచ్చగొట్టిందని పెద్దక్కను జీపెక్కమన్నారు. ఆమె జీపు దగ్గరికి వెళ్ళింది గాని ఎక్కలేకపోయింది. ఎడం రెక్క కానిస్టేబులు పట్టుకున్నాడు, కడ్డీ కుడివైపు ఉంది, దానికి ఆ వేళ్ళు చుట్టుకోవు. "నాటకాలాడకు, ఎక్కు," అన్నాడు కానిస్టేబులు. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. చెయ్యి కడ్డీ మీంచి జారింది. కానిస్టేబులు ఆ చేతి వైపు చూసి, ఇంక ఏమీ అనకుండా పక్కకు తిరిగాడు.

ఆడపడుచు వచ్చి భుజం కింద భుజం పెట్టి ఆమెను పైకి లేపింది. లేపాక దిగలేదు. పక్కనే కూర్చుని, "ఆగు, బొత్తాం ఊడింది," అని చొక్కా మీద చెయ్యి వేసింది. రెండు వేళ్ళతో బొత్తాన్ని కాజాలోకి ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. డ్రైవరు అంతవరకూ బండి తియ్యలేదు.

"నన్ను క్షమించావా?" అని అడిగింది పెద్దక్క.

"చూద్దాం. ముందు స్టేషనుకి పద," అంది ఆడపడుచు.

జీపు కదిలేటప్పుడు టీకొట్టామె వేణ్ణీళ్ళ బేసిను రోడ్డు మీద కుమ్మరించింది. గేటు దగ్గర రెండో షిఫ్టు వాళ్ళు వచ్చి, మొదటి షిఫ్టు వాళ్ళ వెనక వరుస కట్టారు. గుప్పిట సారు కుర్చీ సర్దుకుని, బొంగురు గొంతుతో తన ఒక్క మాటా అన్నాడు. రోడ్డు మలుపు దాకా చేతులు చాపి నిలబడ్డారు. మూసుకోలేని చేతులు మూసుకోలేదు, మూసుకోగలిగిన చేతులు కూడా మూసుకోలేదు.